బలపంతో రాసిన లెక్క

బడిపలకలంటే మార్కాపురం గుర్తుకు రావాల్సిందే. కంభంలో రైలెక్కితే తర్లుపాడు దాటాక మార్కాపురం రోడ్డు స్టేషను వస్తుంది. ఆ చుట్టుపక్కల నేలలోంచి పొరలు పొరలుగా లేచిన రాయి మీద తెలుగు పిల్లలు కొన్ని తరాలపాటు అ ఆలు దిద్దుకున్నారు. పలక గుణం అందరికీ తెలిసిందే, తుడిస్తే పోతుంది. తప్పు రాసిన పిల్లవాడికి అంతకంటే కావలసిందేముంది?

ఒకప్పుడు ఈ సీమలో ఊరి లెక్కలు కూడా తుడిస్తే పోయే నలుపు మీదే ఉండేవి. దాన్ని కడితం అనేవారు. గుడ్డకు బొగ్గుపొడి, జిగురు కలిపి పట్టిస్తారు, ఆరబెడతారు, మడతలు మడతలుగా పుస్తకంలా మడుస్తారు. దానిమీద బలపంతో రాయడమే. సి.పి. బ్రౌను 1852లో అచ్చువేసిన నిఘంటువులో ఈ మాట ఉంది. ఆయన 1820లో కడపలో కొలువుకు వచ్చేనాటికి కంభం కూడా కడప కలెక్టరు కిందిదే. తాటాకు మీద గంటం గీత పడితే చెరగదు. కడితం సంగతి వేరు. తడిగుడ్డ ఒకటి, దాపరికం తెలిసిన చెయ్యి ఒకటి ఉంటే నిన్నటి అంకె పోయి ఇవాళ్టి అంకె కూర్చుంటుంది.

సర్కారు సొమ్ము తినడమనగానే ఇనప్పెట్టె, దొంగతాళం, అర్ధరాత్రి గుర్తొస్తాయి. కంభం చుట్టుపక్కల తాలూకాల్లో ఆ సొమ్ము అలా పోయింది తక్కువ. పెట్టెదాకా రాకముందే, పట్టపగలు, లెక్కలోనే పోయేది. పోగొట్టేవాడు ఊరందరూ నమ్మిన మనిషే. చదవడం, రాయడం, పొలం హద్దు చెప్పడం అన్నీ అతనికే వచ్చు గనుక నమ్మక తప్పేది కాదు.

కంభంలో ఆ లెక్క ఎంత పెద్దదో తెలియాలంటే చెరువుకట్ట ఎక్కాలి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన ఆ కట్టను శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజిటీరు కట్ట ఎత్తు 57 అడుగులని, వాన నీరు చేరే ప్రాంతం 430 చదరపు మైళ్లని, పారే భూమి సుమారు 10,300 ఎకరాలని లెక్క చెప్పింది. సాగునీటి నిపుణుల అంతర్జాతీయ సంస్థ 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. చుట్టూ మెట్టపొలాలున్న సీమలో ఇంత మాగాణి ఉంటే దానికి శిస్తు ఉంటుంది, నీటి వంతులుంటాయి, తగవులుంటాయి. తూము వదిలేవాడు నీరుగంటి, వసూలు చేసేవాడు మునసబు, పిలుచుకొచ్చేవాడు తలారి. ఇవన్నీ రాసిపెట్టేవాడు కరణం.

ఇంతకూ సొమ్ము ఎలా పోయేది? ఆయకట్టు చివర ఒక రైతుకు రెండెకరాలుందనుకుందాం. ఎకరాకు శిస్తు ఐదు రూపాయలు. ఆ ఏడు చెరువు సగమే నిండింది. నీళ్లు చివరిదాకా వచ్చాయా రాలేదా అన్నది నీరుగంటికి, రైతుకు, కరణానికి తెలుసు. వచ్చాయి, పంట పండింది, రైతు పది రూపాయలూ కట్టాడు. లెక్కలో మాత్రం నీరందక పైరు సావిపోయిందని, శిస్తు మాఫీ అని పడింది. తాలూకా కచేరీలో ఆ పది రూపాయల బాకీ లేదు, అడిగేవాడూ లేడు. రైతు చేతిలో రసీదు లేదు. ఎక్కడా ఒక్క పైసా పోయినట్టు కనిపించదు.

ఇది మోటు పద్ధతి. కొంచెం నాజూకైనవీ ఉన్నాయి. కొత్తగా సాగులోకి వచ్చిన చెలకను ఏళ్ల తరబడి బంజరుగానే చూపడం ఒకటి. కిస్తు నెలలో వసూలైన రొక్కాన్ని తాలూకాకు ఇర్సాలు చేయకుండా రెండు నెలలు వడ్డీకి తిప్పి, ఏటి శిస్తు లెక్క తేల్చే జమాబందీ దగ్గరపడ్డాక కట్టేయడం ఇంకొకటి. ఈ రెండోదానికి ఆడిటువాళ్లు తర్వాతి కాలంలో 'తాత్కాలిక దుర్వినియోగం' అని ముద్దుపేరు పెట్టారు. దొంగతనంలో తాత్కాలికమేమిటని అడగకూడదు, అది ఆఫీసు భాష.

తెలుగులో దీనికి ఉన్న మాటలన్నీ తిండివే కావడం గమనించదగ్గది. మింగాడు, దిగమింగాడు, భోంచేశాడు, ఆరగించాడు అంటారు. హోమంలో నెయ్యి వేస్తూ చెప్పే 'స్వాహా' కూడా చివరకు ఈ పనికే వచ్చింది. మామూలు అంటే వాడుక, అలవాటు. పై ఉద్యోగికి ఊరు ముట్టజెప్పే వాడుక ఎంత స్థిరపడిందంటే, లంచానికే అది పేరైపోయింది.

1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ధారపోసినప్పుడు కంభం సీమ కూడా చేతులు మారింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. 1807 దాకా ఏడేళ్లు ఇక్కడే గుడారాల్లో తిరిగాడు. పాత కవిలెలను, అంటే కరణాల లెక్కల కట్టలను, నమ్మి శిస్తు నిర్ణయిస్తే మునిగిపోతామని ఆయనకు త్వరలోనే అర్థమైంది. అందుకే పొలాలను కొలిపించాడు. 33 అడుగుల గొలుసు, దాంతో నాలుగు వైపులా కొలిస్తే గుంట, నలభై గుంటలు ఎకరం. ఆ గుంట ఇప్పటికీ రైతుల నోట ఉంది. కొలతగాళ్ల మీద తనిఖీదార్లను, వాళ్ల మీద మళ్లీ తన కళ్లను పెట్టాడు. కరణం తలలో ఉన్న ఊరిని కాగితం మీదికి లాగడమే దీని పరమార్థం.

లాగినదంతా మళ్లీ కరణం చేతిలోనే పెట్టాల్సి వచ్చింది. ఏటేటా ఏ చేను పండింది, ఏది ఎండింది అని రాయడానికి ఊళ్లో ఇంకెవరున్నారు?

పైస్థాయిలోనూ ఇదే కథ అని మన్రోకు కొన్నేళ్ల తర్వాత మరో జిల్లాలో తెలిసింది. కోయంబత్తూరు కలెక్టరు కచేరీలో ఖజానాదారు కాశీ చెట్టి కలెక్టరు చల్లని చూపుతో సర్కారు సొమ్ముతో, రైతుల సొమ్ముతో ఆటలాడాడు. ఆ గుట్టు 1816 ప్రాంతంలో విచారించింది మన్రోనే. తర్వాత 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో వచ్చిన తొమ్మిదో రెగ్యులేషన్ ఈ అనుభవం ముందు పెట్టుకుని చదవాల్సిన చట్టం. రెవెన్యూ ఉద్యోగులు సొమ్ము కాజేసినా, దొంగలెక్కలు రాసినా, లెక్కలు దాచినా విచారించి శిక్షించే అధికారం కలెక్టరుకే ఇచ్చింది. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న తల్లిదండ్రులున్నారు. పన్ను వసూలు చేసినవాడి పేరు కొడుక్కి పెట్టుకోవడం లోకంలో అరుదు.

చట్టం వచ్చింది కదా అని సొమ్ము పోవడం ఆగలేదు. అతి పెద్ద ఉదాహరణ కంభానికి పొరుగునే ఉంది. మార్కాపురం దాటి దొనకొండ మీదుగా వెళ్లే రైలు వినుకొండ చేరుతుంది. 1840లలో రైలు లేదు గానీ వినుకొండ సీమ ఉంది, అది గుంటూరు జిల్లాలోది.

ఆ జిల్లాకు ముందునుంచే రోగాలు చాలా ఉన్నాయి. జమీందార్లు పీకలదాకా బాకీల్లో ఉన్నారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1816లో పోయాక ఆయన దత్తపుత్రుల మధ్య వారసత్వ వ్యాజ్యం ఏళ్లకేళ్లు సాగి సంస్థానాన్ని పీల్చి పిప్పిచేసింది. అంతలో 1832-33లో డొక్కల కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల మందిలో రెండు లక్షల మంది లేకుండా పోయారని అప్పటి అంచనా. బాకీపడ్డ జమీలను సర్కారు జప్తు చేసి అమానీ కింద తన ఉద్యోగులతోనే నడిపించింది. అంటే కరువుతో చితికిన ఊళ్లు, యజమాని లేని జమీలు, మాఫీలకు కావలసినంత సాకు, అన్నీ కచేరీ ముందు వడ్డించిన విస్తరిలా ఉన్నాయి.

హుజూరులో, అంటే కలెక్టరు కచేరీలో, దేశీ ఉద్యోగుల పెద్ద శిరస్తాదారు. కలెక్టర్లు వచ్చేవారు, పోయేవారు. శిరస్తాదారు మాత్రం ఉండేవాడు. తాలూకా కచేరీల్లో కీలకమైన పీటల మీద అతని బంధువులో, అతనికి రుణపడినవాళ్లో కూర్చునేవారు. భాష ఇంకో అడ్డుగోడ. ఊళ్లో కరణం లెక్క తెలుగులో ఉంటుంది. హుజూరుకు వచ్చేసరికి అది మరాఠీలోకి, అదీ గొలుసుకట్టు మోడీ లిపిలోకి మారుతుంది. మద్రాసు రెవెన్యూ బోర్డుకు వెళ్లేది ఇంగ్లీషులో. మూడు భాషల మధ్య వంతెన మీద నిలబడ్డది ఒకే గుంపు. దొర సంతకం పెట్టేది తాను చదవలేని లెక్కకు తెచ్చిన తర్జుమా మీద. మోసం బయటపెట్టాలంటే కింది కరణం నోరు విప్పాలి. అతని వాటా అతనికి అందింది, ఎందుకు విప్పుతాడు?

ఏటేటా రాబడి పడిపోతుంటే మద్రాసు ప్రభుత్వం 1845లో వాల్టర్ ఇలియట్‌ను పంపింది. శిస్తు లెక్కల సంవత్సరమైన ఫసలీలో 1255 మొదలైన ఏడది. ఆయన సంస్కృతం, శాసనాలు, నాణేలు, చేపలు, పిట్టలు అన్నిటి వెంటా పడే మనిషి. పగలు గుంటూరు లెక్కలు తవ్వుతూనే అదే ఏడు అమరావతి దిబ్బను కూడా తవ్వించాడు. అక్కడ బయటపడ్డ సున్నపురాతి శిల్పాలు మద్రాసుకు, తర్వాత లండనుకు చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో చాలా భాగం అవే. తెలుగువాళ్లు ఇలియట్‌ను తలుచుకునేది ఆ రాళ్ల కోసమే. లెక్కల తవ్వకం గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

1846లో ఆయన ఇచ్చిన నివేదిక సారాంశం తీసుకుంటే, రాబడి పడిపోయింది వానలు లేక మాత్రమే అన్న మాట నిలవలేదు. ఒకవైపు జమీందార్ల దోపిడీ, ఇంకోవైపు కచేరీ ఉద్యోగుల భోజనం. జమీలను సర్కారే తీసుకుని రైతులతో నేరుగా బందోబస్తు చేసుకోవాలని ఇలియట్ సలహా. లండనులోని కుంపిణీ డైరెక్టర్లు ఒప్పుకున్నారు. ఆయన్నే ఉత్తర సర్కారులకు కమిషనరును చేశారు, 1854 దాకా ఆ పదవిలో ఉన్నాడు. 1859లో గుంటూరు జిల్లానే రద్దుచేసి కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో కలిపేశారు. మళ్లీ అది విడి జిల్లాగా లేచింది 1904లో. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. కలెక్టరు జిల్లాను ఏలుతున్నాడన్న నమ్మకం ఆ పుస్తకం చదివాక నిలవడం కష్టం.

పైవాళ్లు తిన్న సొమ్మును కిందివాళ్లు రెండోసారి కట్టాల్సి వచ్చేది. ఇవ్వనంటే ఏమయ్యేదో మద్రాసు ప్రభుత్వమే వేసిన చిత్రహింసల విచారణ సంఘం 1855 నివేదికలో ఉంది. రెండు కర్రల మధ్య వేళ్లు నొక్కే సాధనానికి తెలుగు సీమలో చీరాట అని పేరని ఆ నివేదిక రాసింది. మనిషి మెడను కాళ్లకు చేర్చి తాడుతో కట్టి ఎండలో వంచి ఉంచడం మరో పద్ధతి. శిస్తు కట్టి రసీదు లేని రైతుకు, శిస్తే కట్టని రైతుకు చీరాట దగ్గర తేడా లేదు.

ఇక్కడ కంచర్ల గోపన్న గుర్తుకు రాకుండా ఉండడు. పాల్వంచ పరగణా తహశీల్దారు. మేనమామలైన అక్కన్న మాదన్నల పలుకుబడితో వచ్చిన కొలువు. వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడు, తానీషా గోల్కొండ చెరలో పెట్టించాడు. ఆరు లక్షలని, పన్నెండేళ్లని కథ చెబుతుంది. రామలక్ష్మణులే వచ్చి బాకీ కట్టి రసీదు తీసుకెళ్లారని భక్తుల నమ్మకం. లెక్కల కళ్లతో చూస్తే ఇది కూడా ఖజానా సొమ్మును అనుమతి లేకుండా వాడిన వ్యవహారమే. అయినా జనం ఆ తహశీల్దారును రామదాసుగా గుండెల్లో పెట్టుకున్నారు, శిరస్తాదార్లను మరిచిపోయారు. సొమ్ము ఎవరి కడుపులోకి పోయిందన్నది ఒక్కటే ప్రజలు చూసే ఆడిటు అనుకోవాలి. ఆ కథలోనూ చివరికి విడిపించింది రసీదే.

కంభం, మార్కాపురం సీమలు 1858లో కడప నుంచి కర్నూలు జిల్లాకు మారాయి. రెండేళ్లకు వచ్చిన శిక్షాస్మృతిలో 409వ సెక్షను ప్రభుత్వోద్యోగి నమ్మకద్రోహానికి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. మామూలు నమ్మకద్రోహానికి మూడేళ్లు, ఉద్యోగి చేస్తే జీవితకాలం. ఊరి కచేరీకి ఆ సెక్షను సింహస్వప్నమని అనుకోవచ్చు. అయితే నేరం రుజువు కావాలంటే కావలసింది లెక్క పుస్తకం, దాన్ని రాసింది ముద్దాయి.

కరణాలందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయమే. మేరగింజలు, ఇనాం చెక్క తప్ప చాలామందికి చెప్పుకోదగ్గ రాబడి లేదు. చెరువు తెగిన ఏడు, కరువొచ్చిన ఏడు ఊరి తరఫున అర్జీ రాసిపెట్టి మాఫీ తెచ్చినవాడూ ఆయనే. తహశీల్దారు గుడారం దిగితే కోళ్లు, నెయ్యి, గడ్డి ఏర్పాటు చేసిందీ ఆయనే, ఆ ఖర్చు ఏ పద్దులోనూ రాయకూడదు. రాయకూడని ఖర్చు ఉన్నచోట రాయకూడని రాబడి పుడుతుంది.

1970లో ఈ సీమ కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, 1972లో అదే ప్రకాశం జిల్లా అయింది. జిల్లాలు మారినా కరణం మారలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను ఎత్తేసింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1985లో ప్రభుత్వానిదే పైచేయి అయింది. అదే ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రికార్డుల కట్టలు ఒక ఇంటి అటక మీది నుంచి దిగి ఆఫీసు బీరువాల్లోకి చేరాయి. వాటిని చదివి చెప్పడానికి కొత్తగా వచ్చినవాళ్లు కొన్నాళ్లు పాత కరణం అరుగు మీదికే పోవాల్సి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఏ అడ్డంగీత ఏ హద్దో, ఏ పొట్టి అక్షరం ఏ ఇంటిపేరో ఆ కట్టల్లో ఎక్కడా రాసిలేదు.

ఇప్పుడు ఊరి సాగు లెక్క, అంటే అడంగలు, కంప్యూటరులో ఉంది. 2024 జులై నుంచి 409 పోయి కొత్త న్యాయసంహితలో 316వ సెక్షను అయిదో ఉపవిభాగం ఆ స్థానంలోకి వచ్చింది. పాత ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర కింద, తాతల నాటి శిస్తు రసీదులు మడతల దగ్గర చిరుగుతూ ఇంకా ఉన్నాయి. వాటి మీద ఫసలీ సంవత్సరం, కట్టిన మొత్తం, కింద ఒక పొడి సంతకం ఉంటాయి. పొలం అమ్మేసినా ఆ కాగితం పారేయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు.