జాడ తెలియని యోధుడు: సైనికవిమానాల అదృశ్యం – స్మృతిరూపాల పరిశీలన

వ్యాససంగ్రహం: యుద్ధంలో నేలకొరిగిన వీరుని స్మరించుకోవడానికి తెలుగు సమాజానికి వీరగల్లు వంటి స్పష్టమైన రూపాలున్నాయి. కానీ ప్రయాణంలో ఉన్న విమానంతోపాటు అదృశ్యమైన యువసైనికునికి నేలకొరిగిన చోటు తెలియదు, మరణించిన క్షణం తెలియదు, భౌతికకాయం దొరకదు. 1944, 1968, 2016 సంవత్సరాల్లో జరిగిన మూడు సంఘటనల ఆధారంగా ఇటువంటి మరణాన్ని కుటుంబం, రాజ్యం, సంప్రదాయం ఏవిధంగా స్వీకరించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైనికవిమానం, అదృశ్యం, నిరీక్షణ, వీరగల్లు, పర్ణనరదహనం, మేడారం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

విమానమో పడవో కనిపించకుండా పోయినప్పుడు తెలుగు పత్రికలు ‘గల్లంతు’ అని రాస్తాయి. గోల, తారుమారు అనే అర్థాలున్న ఈ మాట క్రమంగా మనుషుల అదృశ్యానికి పేరయింది. ఈ పదం మరణాన్ని నిర్ధారించదు, బతుకును నిరాకరించదు. ఆ మధ్యస్థితిలోనే కుటుంబాలు ఏళ్లతరబడి జీవిస్తాయి. అందువల్ల అదృశ్యమైన సైనికుని చరిత్ర అంటే అతడు లేని కాలపు చరిత్ర కూడా.

2. హిమాలయాలపై యుద్ధకాలపు రవాణా

1942లో జపాన్ సేనలు బర్మా రహదారిని తెంచివేశాక, చైనాకు సరుకులు చేర్చడానికి మిత్రదేశాలకు ఆకాశమార్గమే మిగిలింది. అస్సాంలోని చబువా, దింజాన్, జోర్హాట్ వంటి స్థావరాల నుంచి తూర్పు హిమాలయాల మీదుగా కున్‌మింగ్‌కు విమానాలు నడిచాయి. వైమానికులు ఈ దారిని ‘హంప్’ అన్నారు. యుద్ధం ముగిసేలోగా సుమారు 6.5 లక్షల టన్నుల సరుకు ఈ మార్గంలో చేరింది. దాదాపు 600 విమానాలు నష్టపోయాయి. శత్రువు తూటాల కంటే మంచు, మేఘాలు, తీవ్రమైన గాలులే ఎక్కువ ప్రమాదకరమయ్యాయి.

ఈ యుద్ధరంగం హైదరాబాద్ సంస్థానానికి పూర్తిగా పరాయిది కాదు. నిజాం ఆర్థికసాయానికి గుర్తుగా ‘హైదరాబాద్’ పేరు ధరించిన బ్రిటిష్ వైమానికదళపు 152వ స్క్వాడ్రన్ బర్మా రంగంలో పోరాడింది.

1944 జనవరి 25న కున్‌మింగ్ నుంచి చబువాకు తిరిగివస్తున్న ఒక బి-24 విమానం ఎనిమిది మందితో అదృశ్యమయింది. బాంబర్‌గా తయారైన ఆ విమానం ఆనాడు సరుకుల రవాణాలో ఉంది. దాని శకలాలు 2006లో అరుణాచల్‌ప్రదేశ్ కొండల్లో కనిపించాయి. అందులో ప్రయాణించిన జార్జియా రాష్ట్రపు యువకుడు రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్ అవశేషాలను గుర్తించి, 2017 జూన్‌లో స్వస్థలంలో ఖననం చేశారు. అప్పటికి 73 ఏళ్లు గడిచాయి. అతని కోసం మొదట ఎదురుచూసిన తల్లిదండ్రుల తరం ముగిసిపోయింది. అందుకొన్నది తరువాతి తరం.

3. మంచు దాచిన విమానం

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయలుదేరిన భారత వైమానికదళపు ఏఎన్-12 విమానంలో 102 మంది ఉన్నారు. వాతావరణం అనుకూలించక వెనుదిరిగిన ఆ విమానం రోహ్‌తాంగ్ ప్రాంతంలో అదృశ్యమయింది. 35 ఏళ్ల తరువాత, 2003లో, పర్వతారోహకులు లాహౌల్ ప్రాంతపు హిమానీనదంపై శకలాలను చూశారు. 2019 నాటికి అయిదు భౌతికకాయాలు మాత్రమే లభించాయి.

2024 సెప్టెంబర్ చివరలో సైన్యం మరో నలుగురి భౌతికకాయాలను వెలికితీసింది. వారిలో ఒకరు కేరళలోని ఇలంతూరుకు చెందిన థామస్ చెరియన్. విమానం ఎక్కేనాటికి అతని వయస్సు 22 ఏళ్లు. 56 ఏళ్ల తరువాత స్వగ్రామంలో సైనికలాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తోబుట్టువులు వృద్ధులయ్యారు. అతడు మాత్రం 22 ఏళ్ల యువకుడిగానే ఇంటికి చేరాడు. అదృశ్యం కాలాన్ని రెండుగా చీలుస్తుందనడానికి ఇంతకుమించిన నిదర్శనం అక్కరలేదు.

4. విశాఖపట్నం అనుభవం

2016 జూలై 22 ఉదయం తంబరం వైమానిక స్థావరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన ఏఎన్-32 విమానం బంగాళాఖాతంపై రాడార్‌కు అందకుండా పోయింది. అది యుద్ధకాలం కాదు. అయినా తెలుగునేలకు ఈ వేదనను అత్యంత సమీపంగా తెచ్చిన సంఘటన ఇదే. విమానంలోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారపు పౌర ఉద్యోగులు. ఆయుధాలను సిద్ధంచేసే చేతులు యూనిఫాం ధరించకపోయినా సైనికవ్యవస్థలో భాగమేనన్న వాస్తవాన్ని ఈ దుర్ఘటన గుర్తుచేసింది.

ఓడలు, విమానాలు, జలాంతర్గామి వారాలతరబడి వెదికాయి. విమానంలోనివారందరూ మరణించినట్లు భావిస్తున్నామని సెప్టెంబర్‌లో కుటుంబాలకు తెలియజేశారు. 2024 జనవరిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన మానవరహిత జలాంతర వాహనం, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలను ఛాయాచిత్రాల్లో బంధించింది. ఒకే సంవత్సరంలో మంచు ఇలంతూరుకు దేహాన్ని తిరిగి ఇచ్చింది. సముద్రం విశాఖ కుటుంబాలకు ఒక స్థలాన్ని మాత్రమే చూపింది.

5. చట్టం, శాస్త్రం, జానపదం

రాజ్యానికి నిరీక్షణకొక హద్దు అవసరం. ఏడేళ్లపాటు ఆప్తులకు సమాచారం అందని వ్యక్తి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, దానిని రుజువుచేసే బాధ్యత వారిదేనని 1872 నాటి సాక్ష్యచట్టంలోని 108వ సెక్షన్ నిర్దేశించింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఈ సూత్రాన్నే కొనసాగించింది. ధర్మశాస్త్ర సంప్రదాయం దేహం దొరకనివారికి మోదుగ ఆకుల కాడలతో ప్రతికృతి చేసి దహించే పర్ణనరదహనాన్ని విధించింది. ఒకటి ఆస్తి, వారసత్వాల చిక్కును విప్పుతుంది. రెండవది దుఃఖానికి ఒక ఆకారాన్నిస్తుంది.

వీరగల్లు పద్ధతి వేరు. దిగువన యుద్ధం, నడుమ వీరుని ఊర్ధ్వగమనం, పైన దివ్యలోకం అనే క్రమంలో చెక్కిన శిల వీరుని మరణానికి ఒక నిశ్చిత కథనాన్ని ఇస్తుంది. అదృశ్యమైనవాని కథలో ఆ మొదటి అంతస్తే ఖాళీ.

ఈ ఖాళీని పూరించిన ప్రబలమైన జానపదరూపం ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉంది. నర్సంపేట మీదుగా భక్తులు సాగిపోయే మేడారం జాతరకు మూలం ఒక అదృశ్యకథ. కాకతీయసేనతో పోరాడి గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగయింది. వెదకబోయినవారికి ఆమె దేహం దొరకలేదు, కుంకుమభరిణె దొరికింది. రెండేళ్లకొకసారి మాఘపౌర్ణమికి గుట్ట నుంచి ఆమెను గద్దెకు తోడ్కొనివస్తారు. ఇక్కడ సమాజం మరణాన్ని రుజువుచేయమని అడగదు. తిరిగిరాకను ఆచారంగా మలచుకొంటుంది. దేవతాకథను ఆధునిక దుర్ఘటనతో సమానం చేయడం సరికాదు. అయితే దేహంలేని స్మృతికి ఒక వస్తువు, ఒక స్థలం, ఒక తిథి ఆధారమవుతాయన్న సత్యం రెండింటికీ వర్తిస్తుంది.

6. ముగింపు

అదృశ్యమైన యోధుని విషయంలో అధికారపత్రం తేదీని ఇస్తుంది, సాంకేతికత స్థలాన్ని ఇస్తుంది. మనిషిని మాత్రం అతని ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, ఇంటివారి మాటలే నిలబెడతాయి. ఇంట్లో మిగిలిన పెట్టె, పాత గడియారం కుంకుమభరిణె వంటివే. తెలుగు కుటుంబాల్లోని ఇటువంటి జ్ఞాపకాలను మౌఖికచరిత్రగా సేకరించవలసిన అవసరం ఉంది. ఎదురుచూసిన తరం వెళ్లిపోయాక శకలాలు దొరికితే, ఎవరిని పోగొట్టుకొన్నామో చెప్పగలవారు ఉండరు. హిమానీనదం 56 ఏళ్లు ఆగగలదు. మనుషుల జ్ఞాపకం ఆగదు.