జాజ్ బొమ్మకట్టిన వైనం

జాజ్ సంగీతం చిత్రకళలోకి ముందు బొమ్మగా వచ్చింది. బొమ్మ గీసే పద్ధతిగా మారడానికి మరికొంత కాలం పట్టింది. మొదటి అడుగు 1920లలో న్యూయార్క్‌లోని హార్లెంలో పడింది. దక్షిణాది రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలతో అప్పటికే ఆ పేట కిక్కిరిసి ఉంది.

కాన్సస్‌లోని టొపీకాలో 1899లో పుట్టిన ఆరన్ డగ్లస్ 1925లో హార్లెం చేరాడు. జర్మనీ నుంచి వచ్చిన చిత్రకారుడు వినోల్డ్ రైస్ దగ్గర శిష్యరికం చేశాడు. కళ్లూ ముక్కూ గీయకుండా నీడల్లాంటి ఆకారాలతో కథ చెప్పడం డగ్లస్ శైలి. 1934లో హార్లెంలోని 135వ వీధి గ్రంథాలయం కోసం వేసిన నాలుగు పెద్ద చిత్రాల్లో చివరిది ‘సాంగ్ ఆఫ్ ది టవర్స్’. అందులో ఒకడు పెద్ద పళ్లచక్రం మీద నిలబడి సాక్సోఫోన్‌ను పైకెత్తి పట్టుకున్నాడు. చుట్టూ ఒరిగిన ఆకాశహర్మ్యాలు, దూరంగా స్వేచ్ఛా ప్రతిమ. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా వెలుగు వలయాలుగా విచ్చుకుంటుంది. వినాల్సిన దాన్ని చూపించడానికి అంతకన్నా సులువైన ఉపాయం ఆ తరంలో మరొకరికి తట్టలేదేమో.

మరో చిత్రకారుడు ఆర్చిబాల్డ్ మోట్లీ ప్యారిస్‌లో ‘బ్లూస్’ (1929), తర్వాత ‘నైట్‌లైఫ్’ (1943) వేశాడు. అవి ఆడేవాళ్లతో, తాగేవాళ్లతో ఇరుకిరుకుగా ఉన్న గదులు. అక్కడా జాజ్ కథావస్తువే.

పద్ధతి మారింది రొమేర్ బేర్డెన్ చేతిలో. 1911లో నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో పుట్టి హార్లెంలో పెరిగిన బేర్డెన్‌కు స్టూవర్ట్ డేవిస్ అనే శ్వేతజాతి చిత్రకారుడు ఒక సలహా ఇచ్చాడు: జాజ్ విద్వాంసుడు ఎర్ల్ హైన్స్ పియానో విను, స్వరాలను కాదు, వాటి మధ్య ఖాళీలను విను అని. డేవిస్‌కు హైన్స్ మీద ఎంత అభిమానమంటే కొడుకు పేరులో ఎర్ల్ చేర్చుకున్నాడు. బేర్డెన్ మాత్రం 1950లలో కొన్నాళ్లు కుంచె పక్కన పెట్టి పాటలు కట్టాడు. ‘సీ బ్రీజ్’ అనే పాటకు పేరు కూడా వచ్చింది. పొట్టపోసుకున్నది నగర సంక్షేమ శాఖ ఉద్యోగంతో.

1963లో నల్లజాతి చిత్రకారులు కొందరు ‘స్పైరల్’ అనే బృందంగా ఏర్పడ్డారు. అందరం కలిసి కొలాజ్ చేద్దామని బేర్డెన్ అంటే ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఒక్కడే కూర్చుని పత్రికల్లోని ఫొటోలు కత్తిరించి అతికించాడు. కన్ను ఒక ఫొటోలోది, ముక్కు ఆఫ్రికన్ ముసుగుది, చేతులు మొహానికి మించినంత పెద్దవి. ఆ చిన్న అతుకుల బొమ్మలను ఫొటోస్టాట్‌లో పెద్దవి చేసి, నలుపు తెలుపుల్లో, 1964లో ‘ప్రొజెక్షన్స్’ పేరుతో ప్రదర్శించాడు. వాటిలో వాద్యం లేని బొమ్మలోనూ జాజ్ నడక ఉంది: ముక్కకూ ముక్కకూ మధ్య చూపు ఎగిరి దూకాలి. హైన్స్ పాఠం అక్కడ పనికొచ్చింది.

ఈ పనితనానికి ఇంటి మూలం కూడా ఉంది. దక్షిణాది నల్లజాతి ఆడవాళ్లు పాత గుడ్డపేలికలతో బొంతలు కుట్టేవారు. 1970 నాటి ‘ప్యాచ్‌వర్క్ క్విల్ట్’లో బేర్డెన్ నిజమైన గుడ్డముక్కలే అతికించాడు. బ్లూస్, జాజ్ మీద ఏకంగా ఒక కొలాజ్ వరస 1975లో వచ్చింది.

బేర్డెన్ 1988లో మరణించాడు. 2003లో సాక్సోఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ ఆ బొమ్మల స్ఫూర్తితో ఒక ఆల్బం చేశాడు. అందులో ‘సీ బ్రీజ్’ కూడా ఉంది.