డ్యూక్ ఆఫ్ కన్నాట్ - 1921 నాటి మన ప్రాంతము

ఢిల్లీ చూచివచ్చిన వారిలో కన్నాట్ ప్లేసు నెరుగనివారు అరుదు. కాని ఆ పేరుగల పురుషుడెవరో, ఆయన ప్రారంభించిన శాసనసభలకు బాపట్ల తాలూకా ప్రజలు ఏ విధమైన సమాధాన మిచ్చిరో ఎరిగినవారు తక్కువ.

విక్టోరియా రాణి మూడవ కుమారుడైన ఆర్థర్ 1850 మే 1వ తేదీన జన్మించెను. వాటర్లూ విజేతయగు వెల్లింగ్టన్ జన్మదినము కూడ అదియే. ఆ వృద్ధ సేనాని ఈ శిశువునకు జ్ఞానపిత యయ్యెను. పదునారవ యేట ఆర్థర్ వూలిచ్ సైనిక విద్యాలయమున చేరి, 1868లో సైన్యాధికారి యయ్యెను. 1882లో ఈజిప్టునందు టెల్-ఎల్-కెబీర్ యుద్ధమున గార్డుల దళమునకు నాయకత్వము వహించెను. 1886 నుండి 1890 వరకు బొంబాయి సైన్యమునకు ప్రధాన సేనాపతిగా నుండి భారతదేశమును ఎరిగెను. 1902లో ఫీల్డ్ మార్షల్ బిరుదము లభించెను. అయినను రాజపుత్రుడైనంత మాత్రమున కోరినదెల్ల సిద్ధించలేదు. 1895లో సమస్త బ్రిటిష్ సైన్యాధిపత్యము ఆయనకు రావలెనని తల్లి కోరినను, అది వూల్జ్‌లీ ప్రభువునకు దక్కెను. 1907లో లభించిన మధ్యధరా సైన్యాధిపత్యము నిరర్థకమని తలచి 1909లో దానిని విడిచెను. 1911 నుండి 1916 వరకు కెనడాకు గవర్నర్ జనరల్‌గా నుండెను.

వార్ధక్యమున ఆయనకు గృహదుఃఖములు సంభవించెను. 1917లో భార్య మరణించెను. 1920 మే 1న, సరిగా ఆయన డెబ్బదియవ జన్మదినముననే, స్వీడన్ యువరాజు భార్యయైన కుమార్తె మార్గరెట్ కన్నుమూసెను. ఆ దుఃఖము చల్లారకముందే ఆయనకు భారతదేశ ప్రయాణము తటస్థించెను. 1919 సంస్కరణ చట్టము ననుసరించి ఏర్పడిన శాసనసభలను ప్రారంభించుటకు మొదట వేల్సు యువరాజు రావలసియుండెను. ఆయనకు మారుగా ఈ వృద్ధసైనికుడు వచ్చి, 1921 జనవరి 12న మద్రాసు శాసనసభను ప్రారంభించెను. ఫిబ్రవరిలో ఢిల్లీయందు కేంద్ర శాసనసభను ప్రారంభించుచు, అమృతసరపు నీడ దేశముపై పరచుకొన్నదని ఒప్పుకొని, ఉభయపక్షముల వారును జరిగినదానిని మరచి క్షమింపవలెనని వేడెను. ఆ దినములలోనే నేటి ఇండియా గేటునకును, పార్లమెంటు పాతభవనమునకును శంకుస్థాపన చేసెను.

ఆ మాటలలో ఆర్ద్రత లేకపోలేదు. కాని పంజాబు అన్యాయమునకు పరిహారము లేక మరపు ఎట్లు కలుగును? సహాయనిరాకరణము డ్యూకుగారి వ్యక్తిత్వముపై ద్వేషముచే కాదనియు, ఆయన ప్రాతినిధ్యము వహించిన పాలనాపద్ధతిపై మాత్రమే యనియు మహాత్మాగాంధీ ఆయనకు బహిరంగలేఖ వ్రాసెను.

నూతన సంస్కరణల విలువ చీరాలలో తేలెను. స్థానిక పరిపాలనశాఖ అప్పుడు మంత్రుల వశమైనను, తమకు మునిసిపాలిటీ వలదను చీరాల-పేరాల ప్రజల మొర ఫలింపలేదు. పన్నుల భారమును మోయజాలని చేనేతవారును, చిన్న వర్తకులును ఎచ్చటికి పోగలరు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పట్టణవాసులలో అత్యధికులు ఇండ్లు విడిచి, వెలుపల రామనగరమున పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి పదునొకండు నెలలు గడిపిరి. నాయకుడు చెరసాలకు పోయినను చాలకాలము వారు చెదరలేదు. 1922 ప్రారంభమున అదే బాపట్ల తాలూకాలోని పెదనందిపాడున పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు చెల్లించుట మానిరి. గాంధీజీ ఉద్యమమును ఆపిన పిదపనే అది విరమింపబడెను. ఆయుధము పట్టకయే వీరు చూపిన క్రమశిక్షణ ఏ సైన్యమునకును తీసిపోవునది కాదు.

కన్నాట్ డ్యూక్ 1942 జనవరి 16న తన తొంబదిరెండవ యేట మరణించెను. అదే సంవత్సరము ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. అమృతసరమును మరువుడని వేడిన రాజ్యము ఇరువదియొక్క యేండ్ల పిమ్మటను తుపాకిని విడువలేదు.

ఆర్థర్ క్రూరుడని చరిత్ర చెప్పదు. కర్తవ్యనిష్ఠగల సైనికుడు, దుఃఖమెరిగిన తండ్రి. కాని అన్యాయమును సరిదిద్దక క్షమను కోరినచో, మంచివాని నోటినుండి వెలువడిన మాటయైనను ప్రజల హృదయమును చేరదు. రామనగరపు పాకలలో ఎండకు మాడిన వారు మనకు నేర్పిన పాఠమిదియే.