గుమ్మం దగ్గర కుర్చీ: ఒక చిన్న ఉద్యోగం వెనక పెద్ద చరిత్ర



మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు నలుగురు కలిసిన చోట ఏడాదికి ఒకసారైనా ఈ ప్రశ్న వినపడుతుంది. "మా అబ్బాయి మాస్టర్స్ చేస్తున్నాడండీ. ఏదో గవర్నమెంటు బిల్డింగులో క్యాజువల్ సెక్యూరిటీ ఆఫీసరు ఉద్యోగం పడిందట. అప్లై చెయ్యమంటారా?" అడిగేది ఒక ప్రశ్నే గానీ దాని వెనక ఇంకో రెండు ఉంటాయి. ఒకటి, ఇది పరువైన పనేనా? రెండు, గవర్నమెంటు అన్నారు కాబట్టి ఇది ఉండిపోయే ఉద్యోగమేనా? ఈ రెండింటికీ జవాబులు చరిత్రలో ఉన్నాయి. ఈ పూట ఆ చరిత్ర చెప్పుకుందాం.

ముందు నా సంగతి చెప్పాలి. వృత్తిరీత్యా నేను కంప్యూటర్ల మనిషిని. 2013లో ఇక్కడికి చదువుకోడానికి వచ్చాను. మాస్టర్స్ పూర్తయ్యాక మొదటి ఐటీ ఉద్యోగం దొరికేలోపు, అచ్చం ఇలాంటి ఉద్యోగానికే దరఖాస్తు పెట్టి, ఎనిమిది నెలలు చేశాను. ఫోన్లో ఈ మాట చెప్పగానే మా నాన్నగారు, "ఏరా, అంతదూరం వెళ్ళింది వాచ్‌మన్ పనికా?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. మన కచేరీల ముందు డవాలా వేసుకుని నిలబడ్డ బిళ్ళ బంట్రోతును చూస్తూ పెరిగిన తరం ఆయనది. కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల కాపలాకి 1969లో సీఐఎస్ఎఫ్ వచ్చింది. మన రాష్ట్రంలో సచివాలయం లాంటి చోట్లకి 1991 చట్టంతో స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ వచ్చింది. వాళ్ళు సర్కారు ఉద్యోగులు. ఏజెన్సీ చొక్కా వేసుకుని అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే మనిషి వేరు. మన మనసులో ఈ రెండు బొమ్మలే ఉన్నాయి. ఇక్కడి ఉద్యోగం ఆ రెండింటిలో దేనికీ సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లీషువాళ్ళ దేశంలో కార్యాలయాల గుమ్మం కాయడం పాత సైనికుల పనిగా స్థిరపడింది. క్రిమియా యుద్ధం నుంచి తిరిగొచ్చి పనిలేక తిరుగుతున్న సైనికుల కోసం 1859లో కెప్టెన్ ఎడ్వర్డ్ వాల్టర్ లండన్‌లో కోర్ ఆఫ్ కమిషనేర్స్ అనే సంస్థ పెట్టాడు. నమ్మకస్తుడు, క్రమశిక్షణ ఉన్నవాడు, దేశం కోసం దెబ్బలు తిన్నవాడు గుమ్మం దగ్గర ఉంటే ఆ భవనానికే మర్యాద అన్నది అందులోని ఆలోచన. ఆస్ట్రేలియాలోనూ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వ కొలువుల్లో తిరిగొచ్చిన సైనికులకు ప్రాధాన్యం చట్టంలోనే రాసిపెట్టారు.

మరి ఆ రోజుల్లో మనబోటివాళ్ళకి ఆ కుర్చీ దొరికేదా? దొరికేది కాదు. 1901లో ఈ దేశం ఒక సమాఖ్యగా ఏర్పడింది. అదే ఏడు ఇమ్మిగ్రేషన్ రిస్ట్రిక్షన్ చట్టం వచ్చింది. యాభై మాటల డిక్టేషన్ పరీక్ష పెట్టి, అధికారికి నచ్చిన యూరప్ భాషలో రాయమని, తెల్లవాళ్ళు కానివాళ్ళని రేవులోంచే వెనక్కి పంపే చట్టం అది. మనం అప్పుడు అదే బ్రిటిష్ రాజు ప్రజలమే, అయినా లాభం లేకపోయింది. ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ 1901లోనే వచ్చిన పోస్ట్ అండ్ టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం, ప్రభుత్వ తపాలా మోసే కాంట్రాక్టు ఎవరికిచ్చినా, ఆ పనిలో తెల్లవాళ్ళనే పెట్టుకోవాలన్న షరతు రాయించాలి. ఉద్యోగమే కాదు, ప్రభుత్వ కాంట్రాక్టులో కూలి కూడా మనకి లేదన్నమాట! డిక్టేషన్ పరీక్ష 1958 దాకా ఉంది. శ్వేత ఆస్ట్రేలియా విధానానికి పూర్తిగా మంగళం పాడింది 1973లో, విట్లాం ప్రభుత్వం.

ఇప్పుడు కాపలా కథకి వద్దాం. కేంద్ర ప్రభుత్వ భవనాలూ ఆస్తులూ కాయడానికి 1925 చట్టంతో పీస్ ఆఫీసర్ గార్డ్ పుట్టింది. 1960లో దాన్ని కామన్వెల్త్ పోలీసులో కలిపారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పుకి కారణమైన సంఘటనలో మన దేశం పేరు కూడా ఉంది. 1978 ఫిబ్రవరి 13. సిడ్నీ హిల్టన్ హోటల్లో కామన్వెల్త్ దేశాధినేతల ప్రాంతీయ సమావేశం. అతిథుల్లో మన ప్రధాని మొరార్జీ దేశాయ్ ఒకరు. అర్ధరాత్రి దాటాక హోటల్ బయటి చెత్తడబ్బాను మునిసిపల్ లారీలోకి ఎత్తుతుంటే అందులోని బాంబు పేలింది. పారిశుధ్య కార్మికులు ఇద్దరు చనిపోయారు. గుమ్మం దగ్గర కాపలా ఉన్న పోలీసు తర్వాత ప్రాణం విడిచాడు. లోపల ఉన్న పెద్దలెవరికీ ఏమీ కాలేదు. కాపలా ఉద్యోగం అంటే ఏమిటో ఆ రాత్రి ఒక్కటే చెబుతుంది.

ఆ తర్వాత లండన్ మాజీ పోలీసు కమిషనర్ సర్ రాబర్ట్ మార్క్ ఇచ్చిన నివేదికతో 1979లో ఆస్ట్రేలియన్ ఫెడరల్ పోలీస్ ఏర్పడింది. 1984లో కాపలా విభాగాన్ని విడదీసి ఆస్ట్రేలియన్ ప్రొటెక్టివ్ సర్వీస్ అని పేరు పెట్టారు. 2004లో మళ్ళీ ఫెడరల్ పోలీసులోనే కలిపేశారు. ఇక్కడ విక్టోరియాలో 1986 మార్చిలో రస్సెల్ స్ట్రీట్ పోలీసు భవనం ముందు కారు బాంబు పేలి ఒక యువ పోలీసు అధికారిణి చనిపోయింది. ఆ దశకంలోనే రాష్ట్ర ప్రభుత్వ భవనాలకి ప్రొటెక్టివ్ సర్వీసెస్ ఆఫీసర్లు వచ్చారు. రాత్రిళ్ళు రైల్వే స్టేషన్లలో మనకి కనిపించేది ఆ పీఎస్ఓలే. 2012 నుంచి వాళ్ళని స్టేషన్లకి పంపుతున్నారు.

ఇదంతా ఒక పాయ. పోలీసు అధికారాలు, పర్మనెంటు కొలువు, పింఛను నిధి ఉన్న పాయ. రెండో పాయ 1990లలో ఉధృతమైంది. ప్రభుత్వం తనే చెయ్యక్కర్లేని పనులన్నీ టెండరు పిలిచి బయటివాళ్ళకి ఇవ్వాలన్న ఆలోచన బలపడింది. ఊడ్చే పని, తోటపని, కాపలా అలా బయటికి వెళ్ళాయి. కంప్యూటర్ల పని కూడా వెళ్ళింది సుమండీ! 1997లో హోవర్డ్ ప్రభుత్వం కేంద్ర శాఖల ఐటీని మొత్తంగా బయటివాళ్ళకి అప్పగించే పథకం పెట్టింది. అందుకే, కాంట్రాక్టు మీద ప్రభుత్వ శాఖలకి కోడ్ రాసే నాలాంటివాడికి, అదే భవనం గుమ్మంలో నిలబడ్డ కాంట్రాక్టు గార్డును చూస్తే పరాయివాడనిపించదు. ఇద్దరం ఒకే వరదలో కొట్టుకొచ్చినవాళ్ళం. నా గంటకి ధర ఎక్కువ, అంతే.

ఇక్కడొక విచిత్రం గమనించండి. తెల్లవాళ్ళకి తప్ప దక్కని రోజుల్లో ఆ కుర్చీ పర్మనెంటు. దాని కాళ్ళు కాస్త వదులయ్యాకే మనలాంటి కొత్తగా వచ్చినవాళ్ళకి దొరికింది. ఎవరో పన్నిన కుట్ర అనను. రెండు వేర్వేరు చరిత్రలు ఒకే కాలంలో నడిచి ఇక్కడ కలిశాయి. కానీ కలిసిన చోట నిలబడ్డది మన పిల్లలు.

ఇక "క్యాజువల్" అన్న మాట. మన ఊళ్ళలో పొద్దున్నే అడ్డా మీద కూలీలు నిలబడతారే, అలాంటిదే సిడ్నీ రేవులో ఒక రోడ్డు ఉండేది. 1930ల మాంద్యంలో ఓడ సరుకు దించే పని కోసం కూలీలు ఒక రేవు నుంచి ఇంకో రేవుకి నడుస్తూ, మేస్త్రీ వేలు తమవైపు చూపిస్తాడేమోనని ఎదురుచూసేవారు. దానికి హంగ్రీ మైల్, అంటే ఆకలి మైలు అని పేరు. పని ఎప్పుడుంటుందో తెలియని మనిషికి గంటకి కాస్త ఎక్కువ ఇవ్వాలన్న సూత్రం ఈ రేవు కూలీల తగవుల్లోంచే బలపడింది. 1907లో హార్వెస్టర్ తీర్పుతో ఒక కుటుంబం మర్యాదగా బతకడానికి వారానికి 42 షిల్లింగులు కావాలన్న జడ్జి హిగ్గిన్సే, 1914లో రేవు కూలీలకి పని నిలకడలేదు కాబట్టి గంట రేటు పెంచాడు. నేటి క్యాజువల్ లోడింగ్ దాని వారసత్వమే. 2010లో వచ్చిన మోడర్న్ అవార్డుల్లో అది 25 శాతం. మాట వరసకి పర్మనెంటు మనిషికి గంటకి 28 డాలర్లైతే క్యాజువల్‌కి 35.

ఆ ఏడు డాలర్లు ఊరికే ఇచ్చేవి కావు. ఏడాదికి నాలుగు వారాల సెలవు, పది రోజుల అనారోగ్య సెలవు, వచ్చేవారం పని ఉంటుందన్న భరోసా, వీటన్నిటినీ మన దగ్గర కొనుక్కుని ఇచ్చే ధర అది. జ్వరమొస్తే ఆ ధర ఎంత తక్కువో తెలుస్తుంది. 2020లో ఈ ఊరంతటికీ తెలిసింది. విదేశాల నుంచి వచ్చినవాళ్ళని క్వారంటైన్‌లో ఉంచిన హోటళ్ళకి ప్రైవేటు గార్డులని పెట్టారు. చాలామంది సబ్‌కాంట్రాక్టు కింద వచ్చిన క్యాజువల్స్. అక్కణ్ణుంచి పాకిన రెండో వేవ్‌లో విక్టోరియాలో ఏడు వందల మందికి పైగా చనిపోయారు. జస్టిస్ జెన్నిఫర్ కోట్ విచారణ నివేదిక 2020 డిసెంబరులో వచ్చింది. గార్డులని పెట్టాలన్న నిర్ణయం ఎవరిదో చెప్పగల మనిషి ప్రభుత్వంలో ఒక్కరూ దొరకలేదు. నింద మాత్రం చాలాకాలం చొక్కా వేసుకున్నవాళ్ళే మోశారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

అయితే చరిత్ర అక్కడ ఆగలేదు. నేను చేసిన చోట ఒక పెద్దాయన ఉండేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే గుమ్మం. "కాంట్రాక్టు మారినప్పుడల్లా చొక్కా మారుతుంది, నేను మారను" అనేవాడు. కంపెనీ మారిన ప్రతిసారీ ఆయన సర్వీసు మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. దీర్ఘకాల సేవకిచ్చే లాంగ్ సర్వీస్ లీవ్ అందదు. 2019 జూలై 1 నుంచి విక్టోరియాలో ఆ సర్వీసు కంపెనీకి గాక మనిషికి లెక్క కడుతున్నారు. ఎన్ని కంపెనీలు మారినా ఈ రంగంలో ఏడేళ్ళు పూర్తయితే సెలవు వస్తుంది, క్యాజువల్స్‌కి కూడా. 2022 జూలై నుంచి నెలకి 450 డాలర్లు దాటితేనే సూపర్ అన్న నియమం పోయింది. 2024 ఆగస్టు 26 నుంచి, ఆరు నెలలు చేసినవాళ్ళు, చిన్న సంస్థల్లోనైతే పన్నెండు నెలలు చేసినవాళ్ళు, తమ పని నిజంగా క్యాజువల్‌లా లేదనిపిస్తే పర్మనెంటు చెయ్యమని రాతపూర్వకంగా కోరవచ్చు. కుర్చీ కాళ్ళకి ఒక్కొక్క మేకూ మళ్ళీ పడుతోంది.

ఇంతకీ దరఖాస్తు సంగతి. 2004 ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం కింద, శిక్షణ పూర్తిచేసి విక్టోరియా పోలీసు ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. పూర్వాపరాలు విచారించాకే ఇస్తారు. దరఖాస్తులో లైసెన్సు నంబరు, పనిచేసే హక్కుకి రుజువు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు, పాత చిరునామాలు అడిగారు. అద్దె గదులు మారి మారి నా జాబితా పేజీ దిగిపోయింది! కొన్ని కేంద్ర ప్రభుత్వ భవనాలకి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. అది మామూలుగా ఇక్కడి పౌరసత్వం ఉన్నవాళ్ళకే ఇస్తారు. కాబట్టి ప్రకటన చివరిదాకా చదవాలి.

ఇంటర్వ్యూలో కండబలం గురించి ఎవరూ అడగలేదు. "కౌంటరు మూసే వేళ ఒకాయన పని కాలేదని అరుస్తున్నాడు. ఏం చేస్తావు?" అని అడిగారు. బయటికి పంపుతాననే జవాబు వాళ్ళకి అక్కర్లేదు. దూరం పాటించి, గొంతు తగ్గించి, ఆయన చెప్పేది విని, అవసరమైతే సాయం పిలిచి, తర్వాత జరిగింది జరిగినట్టు రిపోర్టు రాయగలడా అన్నదే వాళ్ళు చూసేది. ఆ రిపోర్టు రేపు కోర్టుకి వెళ్ళొచ్చు. స్పష్టంగా రాయడం అక్కడ నేర్చుకున్నాను. ఇప్పటికీ ఐటీలో నాకు అన్నం పెడుతున్నది అందులో కొంత.

కాబట్టి అడిగిన అమ్మలకీ నాన్నలకీ నా జవాబు ఇది. పరువు గురించి బెంగ పెట్టుకోకండి. నూరేళ్ళ కిందట మనవాళ్ళని దగ్గరికి రానివ్వని గుమ్మాన్ని ఈ రోజు మన పిల్లవాడి చేతికిచ్చి కాయమంటున్నారు. నమ్మకం ఉంటేనే తాళాలిస్తారు. కానీ గవర్నమెంటు అన్న మాట చూసి మోసపోవద్దు. భవనం గవర్నమెంటుది, జీతమిచ్చేది కంపెనీ. సంతకం పెట్టేముందు నాలుగు విషయాలు అడగమనండి. జీతం స్లిప్పు మీద ఏ కంపెనీ పేరుంటుంది? మధ్యలో సబ్‌కాంట్రాక్టరు ఉన్నాడా? గంట రేటులో లోడింగ్, రాత్రి, ఆదివారం రేట్లు విడివిడిగా చూపిస్తారా? ఒంట్లో బాగోలేదని ఫోన్ చేస్తే మర్నాటి షిఫ్టు ఉంటుందా? స్టూడెంటు వీసా మీద ఉంటే, కోర్సు నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలు దాటకూడదన్న 2023 నియమాన్ని ఎవరెంత బతిమాలినా దాటవద్దు.

ఇవి తెలిసి వెళ్ళినవాడికి అది మంచి మెట్టు. తెలియకుండా వెళితే మాత్రం ఆకలి మైలు ఇంకా అక్కడే ఉందనిపిస్తుంది. ఇప్పుడు మేస్త్రీ వేలు బదులు ఫోన్లో మెసేజి వస్తుంది, అంతే తేడా.

మీ ఇళ్ళలో ఈ పని చేసినవాళ్ళుంటే వాళ్ళ చేత నాలుగు మాటలు చెప్పించండి. మన వలస చరిత్రలో డాక్టర్ల కథలూ ఇంజనీర్ల కథలూ బాగానే ఎక్కాయి. రాత్రంతా తాళాలగుత్తితో మేలుకున్నవాళ్ళ కథలు కూడా ఎక్కాలి.