పిల్లల్ని ఆటల శిక్షణలో చేర్చే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి



ఏటా పరీక్షలు ముగిసే వేళకి ఆఫీసు గదికి వచ్చే అమ్మానాన్నలు రెండు రకాలుగా మాట్లాడతారు. "సార్, మావాణ్ని ఏదైనా ఆటలో చేర్చాలి, ఎక్కడ చేర్చమంటారు?" అనేవాళ్లు కొందరు. "పాప తొమ్మిదికి వచ్చింది, ఇంక ఆటలు చాలని మీరైనా చెప్పండి సార్" అనేవాళ్లు కొందరు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. అడగకుండా చేర్చకండి, ఊరికే మాన్పించకండి. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకి పనికొచ్చే సంగతులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఆట ఎంత అవసరం

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారంలో కనీసం మూడు రోజులు పరుగు, గెంతు లాంటి గట్టి శ్రమ ఉండాలి. బడిలో వారానికి ఒకటి రెండు పీటీ పీరియడ్లతో ఇది తీరదు. సాయంత్రం వీధిలో ఆడుకోవడానికి ఇప్పుడు చోటు లేదు. అందుకే ఆటల శిక్షణ అవసరం పెరిగింది.

ఎక్కడెక్కడ దొరుకుతుంది

మొదటిది బడి. పాఠశాల విద్యాశాఖ నడిపే పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలుగా జరుగుతాయి. ముందు ఇక్కడ 'కురువట్టం' అనే జోన్ స్థాయి, తర్వాత రెవెన్యూ జిల్లా, ఆపైన రాష్ట్రం. వీటికి పేర్లు బడి ద్వారానే వెళ్లాలి. బయట ఎంత పెద్ద అకాడమీలో ఆడుతున్నా, ఆ సంగతి పీటీ మాస్టారికి చెప్పకపోతే పేరు పోదు.

రెండోది ప్రభుత్వ క్రీడాసంస్థ. 1992లో ఏర్పడిన తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థని అందరూ ఎస్‌డీఏటీ అంటారు. కోయంబత్తూరులో నెహ్రూ స్టేడియం, మదురైలో రేస్ కోర్స్ రోడ్డు ఎంజీఆర్ స్టేడియం దాని కేంద్రాలు. వేసవి శిక్షణ శిబిరాలు, క్రీడా వసతిగృహాల ఎంపికలు, ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీలు దీని కిందికే వస్తాయి. ప్రతి జిల్లాకీ ఒక క్రీడా, యువజన సంక్షేమ అధికారి ఉంటారు. ఏ సందేహమైనా ముందు ఆ ఆఫీసులో అడగండి, డబ్బు ఖర్చు లేదు.

మూడోది ప్రైవేటు అకాడమీలు. నాలుగోది ఊరి జట్టు, వీధి క్లబ్బు. మనం చెడుగుడు అనేదాన్ని వీళ్లు సడుగుడు అంటారు, మన కర్రసాముకి దగ్గరి చుట్టం వీళ్ల సిలంబం. ఇవి చాలా ఊళ్లలో పెద్దవాళ్లు ఊరికే నేర్పుతారు. సిలంబాన్ని చిన్నచూపు చూడకండి. 2024 జనవరిలో చెన్నై, మదురై, తిరుచ్చి, కోయంబత్తూరుల్లో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో దాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు.

చేర్చే ముందు అడగవలసినవి

ఒకటి, నేర్పేవారి అర్హత. పాటియాలా జాతీయ క్రీడాసంస్థ డిప్లొమా గానీ, బీపీఎడ్ గానీ, ఆ ఆట సంఘం ఇచ్చే కోచింగ్ సర్టిఫికెట్ గానీ ఉందా? "పాత ప్లేయర్ సార్" అంటే చాలదు. బాగా ఆడడం వేరు, పిల్లలకి నేర్పడం వేరు.

రెండు, దెబ్బ తగిలితే ఏం చేస్తారు? ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడుంది, దగ్గరి ఆసుపత్రి ఏది, ఫోన్ ఎవరు చేస్తారు?

మూడు, శిక్షణ జరిగేటప్పుడు మీరు వచ్చి చూడవచ్చా? వద్దనే చోట చేర్చకండి. కోచ్ ఒక పిల్లనో పిల్లవాణ్నో ఒంటరిగా గదిలోకి పిలవడం, రాత్రి విడిగా మెసేజీలు పెట్టడం, తల్లిదండ్రులకి చెప్పకుండా బయటూరు తీసుకెళ్లడం ఉండకూడదు. 18 ఏళ్లలోపు వారందరికీ 2012 నాటి పోక్సో చట్టం రక్ష. అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు. "పరువు పోతుంది" అని దాచితే ఇంకో ఇంటి బిడ్డకీ అదే గతి పడుతుంది.

నాలుగు, మొత్తం ఖర్చు. నెల ఫీజు ఒక్కటే చూడకండి. బూట్లు, దుస్తులు, టోర్నమెంటు ఎంట్రీ, ప్రయాణం అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.

పేరు, ఇనీషియల్, పుట్టిన తేదీ

ఇది మన ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్. మనలో కొందరు ఇంటిపేరు కూడా రాయిస్తారు. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే పోటీ రోజున మైదానం దగ్గరే బిడ్డని నిలబెట్టేస్తారు. అప్పుడు ఎవరు ఏడ్చినా లాభం లేదు. ఆరో తరగతిలోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే అప్పుడే దిద్దించండి.

వయసు తగ్గించి ఆడిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దొరికితే పిల్లవాడి మీద నిషేధం పడుతుంది.

దరఖాస్తులు ఎక్కువగా తమిళంలో ఉంటాయి. ఇంట్లో పెద్దలకి మాట వచ్చినా చదవడం రాకపోవచ్చు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. బడికి తెస్తే చదివి చెబుతాం. మైదానంలో తమిళం, ఇంట్లో తెలుగు వాడితే పిల్లలు పాడైపోరు, రెండూ గట్టిపడతాయి.

ఆడపిల్లల సంగతి

ఎనిమిది, తొమ్మిది తరగతులకి వచ్చేసరికి మన ఇళ్లలో చాలామంది ఆడపిల్లల ఆట ఆగిపోతోంది. చుట్టాలు ఏమంటారో, ఎండకి నల్లబడుతుందేమో, నిక్కరు వేసుకోవాలా అనే మాటలతోనే ఆపేస్తారు. మదురై దగ్గరి సక్కిమంగళం అమ్మాయి రేవతి వీరమణి చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంది. కూలి చేసుకునే అమ్మమ్మ, చుట్టాల మాటలు పడుతూనే ఆమెని పరుగుకి పంపింది. మొదట్లో బూట్లు కూడా లేవు. 2021లో ఆ అమ్మాయి టోక్యో ఒలింపిక్స్‌లో 4x400 మిక్స్‌డ్ రిలేలో దేశం తరఫున పరిగెత్తింది. మదురైకే చెందిన జెర్లిన్ అనికకి వినపడదు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్ బ్యాడ్మింటన్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది.

మీ అమ్మాయి ఒలింపిక్స్‌కి పోవాలని నేను అనను. భయం ఉంటే దాన్ని ప్రశ్నగా మార్చి అడగండి. ఆడ కోచ్ ఉన్నారా? బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నాయా? చీకటి పడకముందే వదులుతారా? నలుగురు అమ్మాయిల్ని కలిపి పంపే వీలుందా? వీటికి సరైన జవాబు దొరికితే మాన్పించడానికి కారణం లేదు.

ఒళ్లు, చదువు

వారానికి కనీసం ఒక రోజు పూర్తిగా సెలవు ఉండాలి. ఒకే ఆటలో వారానికి శిక్షణ గంటలు పిల్లల వయసు సంఖ్యని దాటకూడదని పిల్లల వైద్యులు చెప్పే మాట. పన్నెండేళ్ల వాడికి పన్నెండు గంటలు చాలు. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారి గానీ సాయంత్రం గానీ మాత్రమే పంపండి, నీళ్ల సీసా తప్పనిసరి. తలకి దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ మైదానంలోకి దింపకూడదు. డాక్టరు చూసి సరేనన్నాకే ఆట.

పదో తరగతిలో ఆట పూర్తిగా మాన్పించనవసరం లేదు. టోర్నమెంట్లు తగ్గించి, రోజుకి ముప్పావు గంట పరుగో షటిలో ఉంచండి. ఒళ్లు కదిలిన పిల్లలు రాత్రి బాగా నిద్రపోతారు, పొద్దున పుస్తకం ముందు కుదురుగా కూర్చుంటారు.

ఉద్యోగం ఆశ

తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకి 3 శాతం కోటా ఉంది. కాలేజీ సీట్లలోనూ క్రీడా విభాగం ఉంది. నిజమే. కానీ వాటికి గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లు కావాలి. వీధి టోర్నమెంటు కప్పు అక్కడ చెల్లదు. "గవర్నమెంటు ఉద్యోగం గ్యారంటీ" అని ఫీజు అడిగే చోటు నుంచి లేచి వచ్చేయండి. ఆడిన వందమందిలో ఎక్కువమందికి మిగిలేది ఆరోగ్యం, స్నేహం, ఓడి మళ్లీ లేవడం. ఫీజు కట్టేటప్పుడు ఈ మూడింటికే కడుతున్నామనుకోండి.

పిల్లలూ, మీకు రెండు మాటలు. నొప్పి ఉంటే దాచకుండా చెప్పండి. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా అనిపిస్తే అమ్మకో, నాన్నకో, టీచరుకో ఆ రోజే చెప్పండి, తప్పు మీది కాదు.

తల్లిదండ్రులారా, గట్టు మీద నిలబడి అరవకండి. ఇంటికి వచ్చాక "గెలిచావా?" అనే ముందు "బాగా ఆడావా, అన్నం తిన్నావా?" అని అడగండి. కాగితాల పనికి జనన ధ్రువపత్రం, ఆధార్ నకలు, రెండు ఫొటోలు తీసుకుని పీటీ మాస్టారిని కలవండి. బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలంటే ఆఖరి రోజు దాకా ఆగకుండా రెండు మూడు రోజులు ముందే అడగండి.

ప్రధానోపాధ్యాయుడు