దత్త మండలాలు

దత్త మండలాలు అనగా 1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందం ప్రకారం హైదరాబాదు నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన భూభాగాలు. నేటి రాయలసీమలోని కడప, అనంతపురం ప్రాంతాలు, కర్నూలు ప్రాంతంలోని పలు తాలూకాలు, కంభం, మార్కాపురం, కర్ణాటకలోని బళ్ళారి ఇందులో చేరి ఉండేవి. ఈ భూమిని కంపెనీ నిజాముతో యుద్ధం చేసి గెలుచుకోలేదు. తన సైన్యానికి నిజాము చెల్లించవలసిన జీతభత్యాలకు బదులుగా పొందింది. ఐరోపా సామ్రాజ్యవాదం తెలుగు దేశంలో ఏ విధంగా విస్తరించినదో, దాని భారం చివరకు ఎవరిపై పడినదో తెలుసుకొనుటకు దత్త మండలాల చరిత్ర మంచి ఉదాహరణ.

నేపథ్యం

1795లో ఖర్డా యుద్ధంలో నిజాం అలీ ఖాన్ (రెండవ ఆసఫ్ జా) మరాఠాల చేతిలో ఓడిపోయాడు. కంపెనీ ఆ యుద్ధంలో తటస్థంగా ఉండిపోయింది. అప్పటికి నిజాము కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ శిక్షణ ఇచ్చిన బలమైన దళం ఉండేది. 1798 మార్చిలో రేమండ్ మరణించాడు. అతని సమాధి హైదరాబాదులో మలక్‌పేట సమీపాన ఉంది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాము సైన్య సహకార ఒప్పందానికి అంగీకరించాడు. దాని ప్రకారం ఫ్రెంచి దళం రద్దయింది. దాని స్థానంలో ఆరు కంపెనీ పటాలాలను పోషించుటకు నిజాము సాలీనా 24,17,100 రూపాయలు చెల్లించవలసి వచ్చింది. ఈ సైన్యం విడిది చేసిన చోటుకే 1806లో సికిందర్ జా పేరు మీదుగా సికిందరాబాదు అనే పేరు వచ్చింది.

1800 ఒప్పందం

సుమారు రెండేళ్ళకే సైన్యం మరింత పెరిగింది. మరో రెండు పటాలాలు, ఒక అశ్వికదళం చేరాయి. ఏటేటా రొక్కం చెల్లించుటకు బదులు శాశ్వతంగా భూమినే ఇచ్చివేయునట్లు కొత్త ఒప్పందం కుదిరింది. 1792, 1799 సంవత్సరాలలో టిప్పు సుల్తానుపై జరిగిన యుద్ధాల ఫలితంగా మైసూరు రాజ్యం నుండి తనకు లభించిన ప్రాంతాలను నిజాము కంపెనీకి అప్పగించాడు. ఈ విధంగా కంపెనీకి సైన్యమూ మిగిలింది, ఆ సైన్యాన్ని పోషించే భూమీ దక్కింది. ఎనిమిదేళ్ళ వ్యవధిలో ఇక్కడి రైతు ముగ్గురు ప్రభువులకు శిస్తు కట్టాడు. 1853లో నిజాము నుండి బీరారును తీసుకొన్నప్పుడు కూడా కంపెనీ సైనిక బాకీనే కారణంగా చూపింది.

మన్రో పాలన

దత్త మండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో (1800 - 1807). ఆయన ముందుగా పాలెగాళ్ళను అణచివేశాడు. వారి సైన్యాలను రద్దుచేసి, కొందరికి తవర్జీ అనబడే భరణం ఏర్పాటు చేశాడు. భూములను సర్వే చేయించి, ప్రభుత్వం రైతుతో నేరుగా వ్యవహరించే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు.

మన్రో ప్రజాదరణ పొందిన అధికారి. పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకొన్న కుటుంబాలు కూడా ఉండేవి. అయితే శిస్తు అధికంగానే ఉండేది. దానిని 25 శాతం తగ్గించవలెనని 1807లో మన్రోయే సిఫారసు చేశాడు. ప్రభుత్వం అందుకు బదులుగా గ్రామాలను కౌలుకిచ్చే విధానాన్ని ప్రవేశపెట్టింది. రైత్వారీ పద్ధతి, శిస్తు తగ్గింపు 1820 తరువాతనే అమలయ్యాయి. అప్పటికి మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో 1827లో పర్యటనకు వచ్చి, పత్తికొండ వద్ద కలరాతో మరణించాడు.

తిరుగుబాటు

భరణంపై ఆధారపడిన పాలెగాళ్ళ వారసులలో అసంతృప్తి కొనసాగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. జనాన్ని భయపెట్టుటకు ఆయన తలను చాలాకాలం కోటకు వేలాడదీసి ఉంచారు.

కరువులు, కాలువ

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే కర్నూలు - కడప కాలువను ఒక ఆంగ్ల ప్రైవేటు కంపెనీ తవ్వించింది. ఆ కంపెనీ పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. కాలువ ఆశించిన ఆదాయం ఇవ్వకపోవుటచే 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చింది.

1876 - 78 నాటి కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. రైలుమార్గం 1871 నాటికే వచ్చినా, ధాన్యం కొనే శక్తి ప్రజలకు లేకపోయింది. కరువు పనుల ఖర్చు తగ్గించుటకు వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో రోజు కూలిని ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యం ఖరీదుకు, దానిపై కొద్దిపాటి పైకానికి కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించిన మీదట కూలి పెంచారు. 1871 జనాభా లెక్కలతో పోల్చితే 1881లో ఈ జిల్లాల జనాభా తగ్గిపోయింది. శిస్తులో లోటును పూడ్చవచ్చును గాని, ఈ లోటును పూడ్చే ఒప్పందమేదీ లేదు.

పేరు మార్పు

'దత్తం' అనగా ఇవ్వబడినది. తమ నేలకు ఒకరు మరొకరికి ఇచ్చిన వస్తువన్నట్టుగా పేరుండుట ఇక్కడి విద్యావంతులకు అవమానంగా తోచింది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభతో పాటు జరిగిన దత్త మండలాల సమావేశంలో చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' అనే పేరును ఆమోదించారు. ఈ పేరు విజయనగర రాయల పాలనను గుర్తుచేస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. నేడు రాయలసీమలో భాగంగా ఉన్న చిత్తూరు ప్రాంతంలో అధిక భాగం 1800లో అప్పగించిన భూమి కాదు.

పాత పేరు పూర్తిగా పోలేదు. తెలుగు సినిమా పంపిణీదారులు ఈ ప్రాంతాన్ని నేటికీ 'సీడెడ్' అనీ, తెలంగాణను 'నైజాం' అనీ వ్యవహరిస్తారు. ఇచ్చినవాని పేరు, ఇచ్చినదాని పేరు ఆ విధంగా వాడుకలో పక్కపక్కనే మిగిలిపోయాయి.

ఇవి కూడా చూడండి

సైన్య సహకార పద్ధతి
రాయలసీమ
థామస్ మన్రో
ఉయ్యాలవాడ నరసింహారెడ్డి