గుంట లెక్క: కొండకల్ పొలాల్లో వర్గమూ, వర్గమూలమూ

తెలంగాణలో శంకర్‌పల్లి మండలంలోని కొండకల్‌లోనూ, దాని పరిసరాల్లోని చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లోనూ పొలాన్ని నేటికీ ఎకరాలు, గుంటల్లోనే చెబుతారు. గుంట అంటే 33 అడుగుల, అనగా 11 గజాల భుజం గల చతురస్రమంత నేల; 11ను 11తోనే హెచ్చవేస్తే వచ్చే 121 దాని వైశాల్యం, చదరపు గజాల్లో. ఒక సంఖ్యను దానితోనే గుణించగా వచ్చేదాన్ని వర్గమని, ఆ వర్గం నుంచి తిరిగి రాబట్టే తొలి సంఖ్యను వర్గమూలమని గణితజ్ఞులు అంటారు.

ఈ కొలత వెనుక రెండు గొలుసులున్నాయి. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు కాగా, అటువంటి పది చదరపు గొలుసులు ఒక ఎకరం. 1830ల నుంచి గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే అధికారులు బొంబాయి ప్రెసిడెన్సీలో తీర్చిదిద్దిన సర్వే పద్ధతిలో గొలుసు సరిగ్గా అందులో సగం, 33 అడుగులు. భుజం సగమైతే వైశాల్యం సగం కాదు, పావు అవుతుంది. ఎకరంలో పదో వంతుకు పావు గనుక గుంట నలభయ్యో వంతయింది. 1870ల్లో నిజాం రాజ్యం భూముల బందోబస్తుకు, అంటే నేలను కొలిచి శిస్తు నిర్ణయించే పనికి, బొంబాయి పద్ధతినే నమూనాగా తీసుకోవడంతో తెలంగాణలో గుంట స్థిరపడగా, మద్రాసు ఏలుబడిలోని ఆంధ్ర జిల్లాల్లో ఎకరంలో నూరో వంతైన సెంటు నిలిచింది. సెంటుకు 48.4 చదరపు గజాలు. దానికి వర్గమూలం తీస్తే పూర్ణసంఖ్య రాదు. చేతిలో గొలుసు మాత్రమే ఉన్నవాడికి గుంటే సులువైన కొలత అనక తప్పదు.

ఆ 33 అడుగుల గొలుసును పదహారు అణాలుగా విభజించారు. పొడవును, వెడల్పును అణాల్లో కొలిచి, రెంటినీ హెచ్చవేసి, 256తో, అనగా 16 వర్గంతో భాగిస్తే గుంటలు వస్తాయి. నేలను కొలిచే అణా కూడా ఉంది. అది గుంటలో పదహారో వంతు, కనుక నాలుగేసి అణాల, అంటే ఎనిమిదింబావు అడుగుల, భుజం గల చతురస్రమంత ఉంటుంది.

అయితే కొండకల్ వంటి ఊళ్లలో గట్లు గొలుసు మాట వినవు. వంకర పొలానికి మధ్యగా ఒక ఆధారరేఖ లాగి, మూలల నుంచి దానిమీదికి లంబాలు దించి, త్రిభుజాలుగా చీల్చి లెక్కగట్టిన పటాన్నే టిప్పన్ అంటారు. ఎదురెదురు భుజాల సగటులను హెచ్చవేయడం అంతకంటె ఎంతో పాత ఉపాయం. దీర్ఘచతురస్రానికి తప్ప మిగిలిన నాలుగు పక్కల పొలాలన్నిటికీ అది అసలు కంటె ఎక్కువే చూపుతుంది కాబట్టి శిస్తు కట్టే రైతుకు నష్టమే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వైశాల్యానికి ఇటువంటి స్థూల గణనను, వర్గమూలంతో సాధించే సూక్ష్మ గణనను వేర్వేరుగా చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఋణసంఖ్య స్వభావతః వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని కూడా మహావీరుడే నిర్ణయించాడు.

పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, 2-20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు; దశాంశమనుకుని 2.2గా చదివిన కొత్తవాడు పన్నెండు గుంటలు పోగొట్టుకుంటాడు.

2023లో కొండకల్‌లో ప్రారంభమైన మేధా రైలు పెట్టెల కర్మాగారానికి సుమారు 100 ఎకరాల స్థలం చెబుతారు. ఒక ఎకరం 10 చదరపు గంటర్ గొలుసులు, పదెకరాలు పది రెండో ఘాతం, నూరెకరాలు పది మూడో ఘాతం. ఘాతమంటే ఆ సంఖ్యను ఎన్నిసార్లు వేసి హెచ్చించాలో తెలిపేది. పదికి వేసిన ఘాతం సరిసంఖ్య అయినప్పుడే, అలా వచ్చిన సంఖ్యకు వర్గమూలం పూర్ణంగా వస్తుంది. అందుచేత పదెకరాల చతురస్రానికి భుజం కచ్చితంగా 220 గజాలు కాగా, నూరెకరాలను చతురస్రంగా మలిస్తే భుజం 696 గజాలకు కాస్త తక్కువగా, ఎన్ని దశాంశాలు వేసినా తెగకుండా సాగుతుంది.